మూడు వందల మీటర్ల నడక

(విశాఖపట్నంలో కాలనీ సంక్షేమ సంఘాల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మధ్యాహ్నం నుంచి మన ఊళ్లో సింహాచలం గిరి ప్రదక్షిణ ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రాన్ని చూసి, ఎం.వి.పి. కాలనీ, మాధవధార, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం చుట్టి తిరిగి కొండ దగ్గరికి చేరేసరికి 32 కిలోమీటర్లు అవుతుంది. లక్షల మంది నడుస్తారు. వారిలో డెబ్బై దాటిన ముసలమ్మలుంటారు, చంకలో పిల్లలతో తల్లులుంటారు, చెప్పులు విడిచి నడిచేవారుంటారు. ఆ ఒక్క రాత్రికి వాహనాలు పక్కకు తప్పుకుంటాయి, అడుగడుగునా మంచినీళ్లు, మజ్జిగ అందుతాయి, దీపాలు వెలుగుతాయి, కాలు బెణికితే చూడడానికి వైద్య శిబిరాలు ఉంటాయి. సింహాద్రి అప్పన్న పేరు మీద ఊరంతా కలిసి నడిచేవారి కోసం ఏర్పాట్లు చేస్తుంది.

రెండు రోజులు గడిచాక అదే ముసలమ్మ కూరగాయల సంచితో ఇసుకతోట దగ్గర జాతీయ రహదారి దాటలేక, ఒక అడుగు ముందుకు వేసి రెండు అడుగులు వెనక్కి వేస్తూ చాలాసేపు నిలబడి ఉండడం నేను చూశాను. ముప్పై రెండు కిలోమీటర్లు నడిచిన కాళ్లు ఆమెవి. ఆమె ఇల్లు ఆ రహదారికి అవతల మూడు వందల మీటర్ల దూరంలో ఉంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ మూడు వందల మీటర్ల గురించే.

విశాఖలో నడక అనగానే అందరికీ బీచ్ రోడ్డు గుర్తుకు వస్తుంది. తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ నుంచి పార్కు హోటలు వైపు వాహనాలను ఆపివేసి ఆ దారిని నడిచేవారికి వదిలిపెట్టడం మన నగరం చేసిన మంచి పనుల్లో ఒకటి, అందులో నాకు సందేహం లేదు. అయితే అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది స్కూటరు మీదో కారులోనో వచ్చి, బండి ఎక్కడ నిలపాలా అని రెండు చుట్లు తిరిగి, నాలుగు కిలోమీటర్లు నడిచి, మళ్లీ బండి ఎక్కి ఇంటికి పోతారు. నేనూ చాలా ఏళ్లు ఆ పనే చేశాను కనుక ఎవరినీ ఎత్తిపొడవడం లేదు. నడవడానికి బండి మీద వెళ్లవలసి వస్తున్నదంటే మన ఇంటి గుమ్మం బయట నడక సాధ్యం కావడం లేదనే అర్థం. ఆరోగ్యం కోసం నడిచేవారికి సముద్రతీరం ఉంది. పాల ప్యాకెట్టు కోసం, బడి కోసం, బస్సు కోసం, గుడి కోసం, మందుల షాపు కోసం నడిచేవారికి ఏముందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇలా నడిచేవారు కొద్దిమందే కదా అని మీకు అనిపించవచ్చు. 2011 జనగణనలో మొదటిసారిగా, పనికి ఎలా వెళ్తున్నారని దేశంలోని శ్రామికులను అడిగారు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవారిలో దాదాపు 23 శాతం మంది నడిచి, మరో 13 శాతం మంది సైకిలు మీద పనికి వెళ్తున్నామని చెప్పారు. ఇద్దరినీ కలిపితే మూడింట ఒక వంతుకు పైమాటే. కార్లలో వెళ్లేవారు వారి పక్కన లెక్కలోకి కూడా రారు. ఈ పదిహేనేళ్లలో మోటారు సైకిళ్లు ఎంతో పెరిగాయన్నది నిజమే కానీ, మన ఇళ్లలో పనిచేయడానికి వచ్చే ఆడవాళ్లు, కట్టడం పనివాళ్లు, అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, చేపల బుట్టలు మోసుకొచ్చేవారు ఇవాళ ఎలా వస్తున్నారో రేపు ఉదయం మీ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. దీనికి తోడు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. టికెట్టుకు డబ్బు అక్కరలేదు కానీ, బస్టాపు దాకా నడవక తప్పదు. బస్సు ప్రయాణానికి రెండు కొసలా ఉండేది నడకే, ఆ రెండు కొసలూ చీకటిగా, గతుకులుగా ఉంటే మధ్యలో బస్సు ఎంత బాగుండి ఏం లాభం?

మా నాన్నగారు కంచరపాలెం నుంచి షిప్‌యార్డుకు సైకిలు మీద వెళ్లేవారు. హ్యాండిల్‌కు క్యారేజీ, వెనుక చక్రానికి ఆనించిన డైనమో, ముందు దాని వెలుతురు. షిఫ్టు మారే వేళకు సింధియా కూడలి వైపు సైకిళ్లు ఏరులా కదిలేవి, వాటి గంటల మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. షిప్‌యార్డు, పోర్టు, చమురు శుద్ధి కర్మాగారం, ఆ తరువాత ఉక్కు కర్మాగారం, ఇన్ని పరిశ్రమలను నడిపిన కార్మికుల్లో ఎంతోమంది సైకిలు తొక్కి వచ్చినవారే. ఈ ఊరికి సైకిలు కొత్తగా పరిచయం చేయవలసిన వస్తువు కాదని చెప్పడానికే ఇదంతా గుర్తు చేశాను. మధ్యలో సైకిలు అంటే స్కూటరు కొనలేనివాడి బండి అన్న చిన్నచూపు ఏర్పడింది. ఇప్పుడేమో ఖరీదైన హెల్మెట్టు, బిగుతు దుస్తులతో ఆదివారం భీమిలి దాకా తొక్కేవారి వ్యాయామ సాధనం అన్న పేరు వచ్చింది. ఈ రెంటి మధ్య రోజువారీ సైకిలు ఎటో పోయింది. ఐక్యరాజ్య సమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినం జూన్ 3. 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి ఆపివేసింది. మా ఇంటి వరండాలో ఆ కంపెనీ సైకిలు ఒకటి ఉండేది కనుక ఆ వార్త చదివి నేను కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను.

సరే, ఫుట్‌పాత్ సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన కష్టాల్లో సగం దాని కట్టుబడిలోనే ఉన్నాయి.

మన కాలనీల్లో ఫుట్‌పాత్ అన్నది కాలి కోసం పుట్టింది కాదు. అది మురుగు కాలువ మీద వేసిన మూత. కాలువ గోడ ఎంత ఎత్తున లేస్తే పలక అంత ఎత్తున కూర్చుంటుంది, రోడ్డు నుంచి అది అడుగు ఎత్తులో ఉందా, అడుగున్నర ఎత్తులో ఉందా అన్నది నీటి పారుదల లెక్కే కానీ నడిచే మనిషి మోకాలి లెక్క కాదు. ఆ మూత ప్రతి ఇంటి గేటు దగ్గరా తెగుతుంది. ఇంటివారు కారు లోపలికి ఎక్కడానికి వాలు కట్టుకుంటారు, ఆ వాలు రోడ్డులోకి కూడా మూడడుగులు చొచ్చుకొస్తుంది. తరువాతి ఇంటి వాలు మరో ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఒక పలక విరిగి ఉంటుంది, దానిలో ఎవరైనా పడకుండా ఎవరో పుణ్యాత్ముడు ఒక కొమ్మ గుచ్చి ఉంటాడు. ఆ పైన కరెంటు స్తంభం, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మరు, కేబుల్ పెట్టె, ప్రకటన బోర్డు. మా గేటు నుంచి బస్టాపుకు మూడు వందల మీటర్లు, ఆ పైన కొంచెం. అంత దూరమూ ఫుట్‌పాత్ దిగకుండా వెళ్లాలని ఒక రోజు పట్టుబట్టి ఎన్నిసార్లు ఎక్కి దిగవలసి వచ్చిందో లెక్కపెట్టాను. పదిహేడు సార్లు. మోకాళ్లు బాగున్నవాడికే అది కసరత్తు. మా అమ్మ ఆ పదిహేడు మెట్లనూ తప్పించుకోవడానికి రోడ్డు అంచున నడుస్తూ, పైపు కోసం తవ్వి సరిగా పూడ్చకుండా వదిలేసిన గోతిలో కాలు పెట్టి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆ గొయ్యి ఎవరిదన్నది ఈనాటికీ తేలలేదు, ఎవరిని అడిగినా తమది కాదన్నారు.

ఇంత వర్ణించడానికి కారణం, ఇది డబ్బు లేక జరుగుతున్నది కాదని చెప్పడానికే. పాదచారుల సదుపాయాల కోసం, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ అయిన భారత రోడ్ల కాంగ్రెస్ రాసిపెట్టిన మార్గదర్శకాలు, 103వ సంఖ్య గలవి, మన ఇంజనీర్లందరికీ తెలిసినవే. ఎక్కడా అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, అంచు రాయి రోడ్డు నుంచి 150 మిల్లీమీటర్లకు మించి లేవకూడదని, తల మీద 2.2 మీటర్ల దాకా ఏదీ తగలకూడదని అందులో ఉంది. 1.8 మీటర్లన్నది ఎందుకంటే, ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు ఒరుసుకోకుండా తప్పుకోవడానికి అంత చోటు కావాలి. గేటు వచ్చిన చోట ఫుట్‌పాత్ దిగిపోకూడదు. నడిచే దారి సమంగా సాగిపోతుంటే, కారే అంచున చిన్న వాలు ఎక్కి, ఫుట్‌పాత్‌ను దాటి, లోపలికి పోవాలి. ఈ ఒక్క మార్పుతో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో బోర్డు పెట్టకుండానే అందరికీ తెలిసిపోతుంది. కొత్తగా వేయబోయే ప్రతి కాలువ పనిలోనూ దీన్ని చేర్చమని అడగడానికి అదనంగా పెద్ద నిధులేమీ అక్కరలేదు, అంచనా తయారయ్యే వేళకు మనం అక్కడ ఉండాలి, అంతే.

ఆక్రమణల మాట రాగానే వేళ్లన్నీ తోపుడు బండి వైపు తిరుగుతాయి. నేను దీన్ని ఒప్పుకోను. సాయంత్రం మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర దీపం ఉంటుంది, నలుగురు మనుషులుంటారు, ఆ వెలుగును నమ్ముకునే ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ వీధిలో నడుస్తారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వారిని సర్వే చేసి, చోటు చూపించి, పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వారి ప్రతినిధులకే ఇవ్వమన్నది. బండ్లకు గీత గీసి, ఆ గీతకు ఇవతల నడిచే దారి వదిలితే ఇద్దరూ ఉండవచ్చు. పగలూ రాత్రీ ఒకే చోట కదలకుండా ఉండేది మన కారు. ఇంటి స్థలమంతా గదులు కట్టుకుని, కారును ఊరి స్థలంలో నిలుపుతున్నాం. ఈ హాలులో ఉన్నవారికి, నాతో సహా, వినడానికి ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక వేగం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచేవారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ బండీ ఎక్కకుండానే బండి కింద పడి పోయారు. ప్రమాదం అనే మాట వినగానే అది విధి వల్ల జరిగినట్టు అనిపిస్తుంది కానీ, ఇందులో లెక్క చాలా స్పష్టంగా ఉంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు సుమారు 8 మీటర్లు కదులుతుంది. ఎదుట ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుందనుకుందాం, ఆ తరువాత పొడి రోడ్డు మీద బండి నిలవడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్లు. అదే కారు 50లో వస్తే ఆ మొదటి సెకనులోనే 14 మీటర్లు, ఆగడానికి మరో 14 మీటర్లు. ఇప్పుడు పదిహేను మీటర్ల దూరంలో ఒక పాప బంతి కోసం రోడ్డు మీదికి పరుగెత్తిందనుకోండి. 30లో వచ్చే బండి ఆ పాప ముందు ఆగిపోతుంది. 50లో వచ్చే బండి ఆ పాపను చేరేసరికి డ్రైవరు కాలు అప్పుడే బ్రేకును తాకి ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లూ సమానంగా జాగ్రత్తపరులే, ఇద్దరి కళ్లూ చురుకైనవే.

అందుకే 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం, నడిచేవారూ వాహనాలూ కలిసి ఉండే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని ప్రకటించింది. మన దేశంలో 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ మునిసిపల్ పరిధిలో కార్లకు 70, మోటారు సైకిళ్లకు 60 కిలోమీటర్ల దాకా అనుమతించింది. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, దీనికంటే తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. బడుల చుట్టూ, ఆసుపత్రుల ముందు, కాలనీల లోపలి వీధుల్లో 30 అని ఖరారు చేయమని కోరడం మన మొదటి కోరిక కావాలి. బోర్డు పెడితే వేగం తగ్గదని నాకూ తెలుసు. వీధి రూపం మారాలి. ఉదాహరణకు మన కాలనీల్లో వీధి మూలలు పెద్ద గుండ్రంగా, విశాలంగా తీర్చి ఉంటాయి, అందువల్ల మలుపు తిరిగే బండి వేగం తగ్గించనక్కరలేదు. ఆ మూలను ముందుకు జరిపి మలుపును బిగిస్తే బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది, పైగా దాటవలసిన దూరం రెండు మూడు మీటర్లు తగ్గుతుంది. బడి గేటు ఎదుట జీబ్రా గీతలను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, బల్లపరుపుగా కడితే అదే స్పీడ్ బ్రేకరు, అదే దాటే చోటు. నడుము విరిచే గుట్టల వంటి స్పీడ్ బ్రేకర్లను రాత్రికి రాత్రి పోసుకునే మన అలవాటు కంటే ఇది మేలు.

పెద్ద రోడ్ల దగ్గర సమస్య వేరు. 16వ నెంబరు జాతీయ రహదారి మన ఊరి నడుమ నుంచి పోతుంది, గాజువాక నుంచి ఎన్.ఏ.డి. మీదుగా మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ దాకా అది ఊరిని రెండుగా కోస్తుంది. ఒక పక్క ఇళ్లు, మరో పక్క కాలేజీ. ఒక పక్క బస్టాపు, మరో పక్క ఆసుపత్రి. ఇలాంటి చోట సిగ్నలు దగ్గర నడిచేవారికిచ్చే సమయం ఒకసారి గమనించండి. ఇంజనీర్లు సాధారణంగా నడక వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు, ఆ లెక్కన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు. మా అమ్మ వయసువారు సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప, వారికి 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్లూ ఎవరివ్వాలి? మధ్యలో డివైడరు మీద నిలబడడానికి ఒకటిన్నర, రెండు మీటర్ల వెడల్పు చోటు ఉంటే రెండు విడతల్లో దాటవచ్చు, మన డివైడర్లు చాలాచోట్ల ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత ఉంటాయి, వాటి మీద పూలమొక్కలుంటాయి.

దీనికి జవాబుగా పాదచారుల వంతెన కడతామంటారు. లారీల కోసం అయిదున్నర మీటర్ల ఎత్తు వదిలి కట్టిన వంతెన ఎక్కడమంటే దాదాపు రెండు అంతస్తులు ఎక్కి దిగడం. రోడ్డు మీద పోయేవాడికి కాలు కదపనక్కరలేదు, నడిచేవాడు మాత్రం మేడ ఎక్కాలి. భారీ లారీలు తెగకుండా పోయే ఒకటి రెండు చోట్ల వంతెన తప్పకపోవచ్చు, అక్కడ లిఫ్టు ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి. మిగిలిన చోట్ల నేల మీదే దాటే హక్కు అడుగుదాం. పెందుర్తి, సింహాచలం కారిడార్లలో బస్సులకు ప్రత్యేక దారి వేసినప్పుడు కూడా, ఆ బస్సు ఎక్కేవారంతా ముందు రోడ్డు దాటవలసినవారే అన్న సంగతికి తగినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం. రేపు మెట్రో వచ్చినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

సైకిలు గురించి మాట్లాడితే వెంటనే రెండు అభ్యంతరాలు వస్తాయి. విశాఖలో ఎండ, ఉక్కపోత. పైగా ఎత్తుపల్లాలు. రెండూ నిజాలే. స్పెయిన్‌లోని సెవీయ నగరంలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ నగరం 2006, 2007 సంవత్సరాల్లో తక్కువ వ్యవధిలోనే సుమారు 80 కిలోమీటర్ల సైకిలు బాటలను, ఒకదానితో ఒకటి కలిసేలా, వాహనాల నుంచి వేరుచేసి వేసింది. అప్పటిదాకా దాదాపు కనిపించని సైకిలు కొన్నేళ్లలోనే అక్కడి రోజువారీ బండి అయింది. మనం గమనించవలసింది 80 కిలోమీటర్లన్న అంకెను కాదు, అవి ఒకదానితో ఒకటి కలిశాయన్న సంగతిని. మన పొరుగున హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సౌర పలకలతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంటుంది, నేను వెళ్లి తొక్కాను, నీడ కూడా ఉంది. కానీ దాన్ని చేరడానికి సైకిలును కారు వెనుక కట్టుకుని వచ్చేవారు ఎక్కువగా కనిపించారు. మన బీచ్ రోడ్డు కథే మళ్లీ. అంతకంటే, 2020లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ పెట్టిన సైకిలు పోటీలో ఎంపికైన పదకొండు నగరాల్లో మన తెలుగు నగరం వరంగల్ ఒకటి కావడం నాకు ఎక్కువ సంతోషం కలిగించింది, ఎందుకంటే ఆ పోటీ ఇప్పటికే ఉన్న వీధుల్లోనే చవకగా మార్పులు చేసి చూడమన్నది.

ఎత్తుపల్లాల మాటకు వస్తే, సిరిపురం ఎక్కడం కష్టమే కానీ ఎం.వి.పి. కాలనీ, అక్కయ్యపాలెం, గాజువాక, పెదగంట్యాడ చాలా భాగం సైకిలుకు అనుకూలమైన నేల. మిగిలిన చోట్లకు విద్యుత్ సైకిలు ఉంది. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. నా ఉద్దేశంలో మన దగ్గర సైకిలు బాట అవసరమైనది నాలుగైదు పెద్ద రోడ్ల మీదే, అక్కడ కనీసం రెండు మీటర్ల వెడల్పుతో, గీతతో సరిపెట్టకుండా అంచు రాయితో వేరు చేసి వేయాలి. పసుపు గీత గీసి వదిలేస్తే మర్నాటి సాయంత్రానికి అది ఆటో స్టాండు అవుతుంది. కాలనీ లోపలి వీధుల్లో వేగం 30కి దిగితే బాట వేరేగా అక్కరే లేదు.

సైకిలు ఆడపిల్లలకు ఏం ఇస్తుందో చెప్పకుండా ముందుకు పోలేను. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు కలెక్టరు షీలారాణి చుంకత్ ఆడవాళ్లకు సైకిలు నేర్పించే పని పెట్టుకున్నారు, క్వారీ కూలీలు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలాదిగా నేర్చుకున్నారు. బిహార్‌లో 2006 నుంచి ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిస్తే బడిలో చేరే ఆడపిల్లల సంఖ్య స్పష్టంగా పెరిగింది. మన రాష్ట్రంలోనూ బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల బాలికలకు సైకిళ్లిచ్చారు. సైకిలు చేతికి వచ్చాక మాత్రం ఆ పిల్ల లారీల పక్కన తొక్కుకుంటూ బడికి వెళ్లాలా అని తల్లి భయపడితే, ఆ సైకిలు తమ్ముడికి పోతుంది, లేదా వసారాలో తుప్పు పడుతుంది. మధురవాడ వైపు అలాంటి సైకిలును నేను స్వయంగా చూశాను. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

నీడ గురించి రెండు మాటలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన చెట్లను ఎలా పెకలించిందో ఇక్కడ అందరికీ అనుభవమే. ఆ తరువాత త్వరగా పెరుగుతాయని నాటిన ఏడాకుల చెట్లు శీతాకాలం ముందు పూసినప్పుడు ఆ ఘాటు వాసనకు తలనొప్పి వస్తున్నదని ఎన్ని కాలనీలు మొరపెట్టుకున్నాయో మీకు తెలుసు. నడిచే దారి పక్కన వేప, కానుగ వంటివి నాటి, చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోసి ఊపిరి ఆడకుండా చేయకుండా ఒక మీటరు మట్టి వదిలితే మన పిల్లలకు నీడ దొరుకుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు నీడ లేని ఫుట్‌పాత్ ఎంత వెడల్పున్నా ఒకటే.

ఇంకొక ఆలోచన నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఈ ఊరు గెడ్డల ఊరు, అంటే వాగుల ఊరు. హనుమంతవాకలో వాక అంటే వాగే, చావులమదుంలో మదుం అంటే నీటి మీది తూమే. కొండల నుంచి సముద్రానికి దిగే గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ వంటివి ఈ రోజు మురుగు పారే కందకాలుగా మిగిలాయి కానీ, వాటి గట్లు ఎక్కడా పెద్ద రోడ్డు ఎక్కకుండా కాలనీకీ కాలనీకీ మధ్య నుంచి పోతాయి. నీటిని శుభ్రం చేసే పనితో పాటే గట్టు మీద మూడు మీటర్ల దారి వదిలితే, నడకకూ సైకిలుకూ నేల వాలు సైతం అనుకూలంగా ఉన్న దారులు మనకు దొరుకుతాయి. వానాకాలంలో మునిగే చోట్లు ఉంటాయి, గట్టు మీద ఇళ్లు కట్టుకున్న పేదల ప్రశ్న ఉంటుంది, వారిని తరిమి వేసే దారి నాకు వద్దు. ఒక్క గెడ్డ మీద ఒక్క కిలోమీటరుతో మొదలుపెట్టి చూడవచ్చు.

అడిగే హక్కు మనకుందా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని, అది వికలాంగులు సైతం వాడుకోగలిగేలా ఉండాలని చెప్పింది. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు దాటే చోట నడిచేవారికి దారి ఇవ్వవలసిన బాధ్యత డ్రైవరుదే అన్నాయి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే మనం కదిలించవలసింది వాహనాలను కాదు, మనుషులను అని ఒప్పుకుంది. కాగితాలకు కొదవ లేదు. వార్డు సచివాలయంలో సదుపాయాల కార్యదర్శి ఉంటారు, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, జోనల్ కార్యాలయం ఉంటుంది. అక్కడికి మనం ఇప్పటిదాకా తీసుకుపోయినవి ఫుట్‌పాత్ బాగా లేదు, బాగుచేయండి వంటి అర్జీలు. అలాంటి అర్జీకి బాగుచేస్తామన్న జవాబే వస్తుంది. ఫలానా గేటు నుంచి ఫలానా గేటు దాకా పలక 380 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, మూడు చోట్ల విరిగింది, ఈ స్తంభం దగ్గర నడవడానికి మిగిలింది 40 సెంటీమీటర్లే అని కొలతలతో, ఫోటోలతో ఇస్తే దాన్ని ఎవరి బల్ల మీద పెట్టాలో వారికి తెలుస్తుంది, పెట్టకపోతే మళ్లీ అడగడానికి మనకూ వీలుంటుంది.

కాబట్టి వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు ఎవరి కాలనీలో వారు, బడి నుంచి దగ్గరి బస్టాపు దాకా ఒకే ఒక దారి ఎంచుకుని కొలుద్దాం. ప్రతి జట్టులో చక్రాల కుర్చీలో తిరిగేవారు గానీ చేతికర్రతో నడిచేవారు గానీ ఒకరు, పదేళ్ల లోపు పిల్ల ఒకరు, మన ఇళ్లలో పనికి వచ్చేవారిలో ఒకరు తప్పక ఉండాలి, చివరివారికి ఆ పూట కూలి మనం ఇవ్వాలి. రోడ్డు దాటే చోట పిల్ల కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి ఫోటో తీయండి, ఆగి ఉన్న కారు వెనుక నుంచి ఆ పిల్లకు రోడ్డు కనిపిస్తుందో లేదో అందులో తెలుస్తుంది. మా వీధికి కొలిచే టేపు నా దగ్గర ఉంది. ఇక్కడి నుంచి ఎవరైనా రాదలచుకుంటే ఇసుకతోట బస్టాపు దగ్గర నిలబడి ఉంటాను, రోడ్డుకు ఏ వైపు అని అడగకండి, ఆ సమయానికి ఏ వైపు దాటగలిగితే ఆ వైపు.